రెండు షోలా పిట్టలు

కోయంబత్తూరులో రైలెక్కి పాలక్కాడు వెళ్ళేవారిలో చాలామంది ఆ దారిలోని వింతను గమనించరు. అక్కడ చూడడానికి ఏమీ లేకపోవడమే ఆ వింత. పడమటి కనుమలు తపతీ నదికి దక్షిణాన మొదలై కన్యాకుమారి దగ్గరి దాకా సుమారు 1,600 కిలోమీటర్ల పొడవున గోడ కట్టినట్లు నిలిచి ఉన్నాయి. ఆ గోడను దాటాలంటే తక్కిన చోట్ల రైళ్ళు సొరంగాలలో దూరాలి, బస్సులు మెలికలు తిరిగి కొండెక్కాలి. ఇక్కడ మాత్రం రైలు చదునైన నేలమీద, కొబ్బరితోటల మధ్యగా, పెద్ద శ్రమ లేకుండా కేరళలోకి వెళ్ళిపోతుంది. కుడివైపు కిటికీలోనుంచి చూస్తే నీలగిరుల వైపు కొండలు దూరంగా కనబడతాయి. ఎడమవైపు ఆనైమలై కొండలు. నడుమ గోడ లేదు.

ఆ ఖాళీయే పాలక్కాడు కనుమ. పాత పుస్తకాలలో పాల్ఘాట్ కనుమ అని కనిపిస్తుంది. దీని వెడల్పు ముప్పై నలభై కిలోమీటర్లు. ఎత్తు సముద్రమట్టానికి మూడువందల మీటర్ల లోపే. దీనికి ఉత్తరాన నీలగిరులలో దొడ్డబెట్ట శిఖరం 2,637 మీటర్ల ఎత్తున ఉన్నది. దక్షిణాన ఆనైముడి 2,695 మీటర్లు. నైరుతి రుతుపవనాల గాలి ఈ సందులోనుంచే తూర్పుకు దూసుకువచ్చి కోయంబత్తూరు ప్రాంతపు గాలిమరలను తిప్పుతున్నది. వర్తకులు, యాత్రికులు, సైన్యాలు అన్నీ ఈ దారినే నడిచాయి. మనుషులకు ఇది తెరిచిన తలుపు.

పిచ్చుక అంత ఉండే ఒక పిట్టకు మాత్రం ఇది సముద్రంతో సమానం.

ఆ పిట్ట సంగతి తెలియాలంటే ముందు అది ఉండే అడవిని తెలుసుకోవాలి. నీలగిరులు, పళని కొండలు, ఆనైమలై వంటి ఎత్తైన చోట్ల కొండ వీపులన్నీ గడ్డి మైదానాలు. కొండల మడతలలో, నీరు చేరే పల్లాలలో మాత్రం చిక్కటి అడవి ఉంటుంది. తమిళంలో ‘శోలై’ అంటే చెట్ల తోపు. ఆ మాట నుండి ఈ అడవులకు షోలా అడవులని పేరు వచ్చింది. ఇక్కడి చెట్లు ఆకాశాన్ని అంటేవి కావు. పొట్టిగా, వంకరలు తిరిగి, కొమ్మల నిండా నాచు కప్పుకొని ఉంటాయి. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి. చలికాలపు రాత్రులలో పైనున్న గడ్డిమీద మంచు పేరుకొంటుంది. ఆ మంచుకు లేత చెట్టు మొలకలు మాడిపోతాయి. అందువల్ల అడవి పల్లాన్ని వదిలి పైకి పాకలేదు. పైన గడ్డి, మడతలో అడవి, అడవి అడుగున వాగు. ఈ ఏర్పాటు వేల సంవత్సరాలనాటిది. నీలగిరుల బురద నేలల పొరలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 1993లో ప్రకటించిన దాని ప్రకారం, గత ఇరవై వేల సంవత్సరాలలో వాతావరణం పొడిగా ఉన్నప్పుడు గడ్డి హెచ్చింది, తడిగా ఉన్నప్పుడు అడవి హెచ్చింది.

ఈ షోలాల అడుగున, రాలిన ఆకుల మీద, పొదల నీడలో మన పిట్ట తిరుగుతుంది. కాళ్ళు పొడవు, తోక పొట్టి. ఆకులు తిరగేసి పురుగులను ఏరుకొని తింటుంది. గట్టు బొరియలోనో, చెట్టు తొర్రలోనో నాచుతో గూడు కట్టి, మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది. మనిషి అలికిడి వినగానే పొదలోకి జారుకొంటుంది. కనిపించడం అరుదు, వినిపించడం ఎక్కువ. తెల్లవారుజామున, సందెవేళ పొదల మాటునుండి సన్నని ఈలల పాట సాగుతుంది. షోలా పక్కనే ఏళ్ళ తరబడి ఉన్నవారు కూడా పాట విన్నామంటారు గాని, పాడేదాన్ని చూశామనరు.

నీలగిరులలోని పిట్టను, పళని కొండలలోని పిట్టను ఒకదాని పక్కన ఒకటి ఉంచి చూస్తే ఏమిటి తేడా? మొదట కనిపించేది పోలికే. రెండింటి వీపూ ముదురు నీలం. రెండింటి రొమ్మూ నీలమే. కంటికి ముక్కుకు నడుమ నల్లని మచ్చ. పొట్ట మధ్య తెలుపు. ఆడదానికి మగదానికి పెద్ద తేడా లేదు. ఇక తేడాలు వెదకాలి. నీలగిరి పిట్టకు పొట్ట పక్కలు ఇటుకపొడి అద్దినట్లు ఎర్రగా ఉంటాయి. పళని పిట్టకు ఆ ఎరుపు లేదు. దాని పక్కలు పలకరంగు కలిసిన నీలం, పొట్ట నడుమ తెలుపు తేటగా కనబడుతుంది. నుదుటిమీద కనుబొమలా సాగే లేత చార నీలగిరి పిట్టకు మసకగా ఉంటే, పళని పిట్టకు కొట్టొచ్చినట్లు ఉంటుంది. అంతే. చీకటి పొదలో, అర నిమిషం కనిపించి మాయమయ్యే పిట్టలో ఈ తేడాలు పట్టుకోవడం తేలిక పని కాదు.

ఇంగ్లీషు పుస్తకాలలో వీటి పేర్లు చాలాసార్లు మారాయి. ఇప్పుడు శాస్త్రజ్ఞులు వాడే మాట ‘షోలాకిళి’. మలయాళంలో కిళి అంటే పిట్ట. తమిళంలో ఆ మాటకు చిలుక అని అర్థం. కనుక ఆ పేరు విని చిలుక అనుకోరాదు. తెలుగులో షోలా పిట్ట అందాము. ఎర్ర పక్కలది నీలగిరి షోలా పిట్ట. రెండవది తెల్లపొట్ట షోలా పిట్ట. మొదటిది పాలక్కాడు కనుమకు ఉత్తరాన మాత్రమే ఉన్నది. రెండవది దక్షిణాన, ఆనైమలై, పళని, మున్నారు కొండలలో. రెండూ సాధారణంగా వెయ్యి మీటర్లకు దిగువన కానరావు. ప్రపంచంలో మరెక్కడా లేవు.

నీలగిరి పిట్టను శాస్త్రానికి పరిచయం చేసినవాడు థామస్ జెర్డన్. ఈయన ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా 1836లో మద్రాసుకు వచ్చాడు. తెలుగువారు ఈయనను గుర్తుంచుకోవడానికి వేరే కారణం ఉన్నది. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన రోజులలో జెర్డన్ అక్కడి యానాదుల నుండి జంతువుల, పక్షుల సంగతులు తెలుసుకొన్నాడు. తరువాత రాసిన తన పెద్ద గ్రంథంలో పక్షుల తెలుగు పేర్లను కూడా చేర్చాడు. కడప, నెల్లూరు ప్రాంతాల కలివికోడిని లోకానికి తెలిపినది కూడా ఆయనే. 1900 తరువాత ఎవరికీ కనబడక అంతరించిందనుకొన్న ఆ కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల అడవులలో మళ్ళీ దొరికింది.

నీలగిరి పిట్టను జెర్డన్ 1840లలో వర్ణించాడు. అయితే దాన్ని ఏ కుటుంబంలో చేర్చాలో ఆయనకు సరిగా తోచలేదు. తెలుగువారు నూనెబుడ్డిగాడు అనే ఎర్రతోక పిట్టకు చుట్టమనుకొని ఆ వర్గంలో పెట్టాడు. దక్షిణాది పిట్ట సుమారు పాతికేళ్ళ తరువాత బయటపడింది. అమెరికా నుండి వచ్చిన మతబోధకుడు శామ్యూల్ ఫెయిర్‌బాంక్ పళని కొండలలో సేకరించిన పిట్టను చూసి, భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం బ్లాన్‌ఫర్డ్ 1868లో దానికి వేరే జాతిగా పేరు పెట్టాడు. అంటే ఆనాటికి లెక్క రెండు.

ఆ తరువాత ఆ లెక్క తగ్గింది. రెండింటికీ పోలికలు ఇంత ఎక్కువ ఉన్నప్పుడు వేరు జాతులనడం ఎందుకు, ఒకే జాతిలో రెండు ఉపజాతులంటే సరిపోతుంది కదా అన్నారు పండితులు. సలీం అలీ, డిల్లన్ రిప్లీ కలిసి 1968 నుండి 1974 వరకు పది సంపుటాలుగా వెలువరించిన ప్రసిద్ధ గ్రంథంలో కూడా ఇవి ఒకే జాతి. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేము. వారి చేతిలో ఉన్నవి మ్యూజియం పెట్టెలలోని ఎండిన చర్మాలు. ఎండిన చర్మం రంగు చెబుతుంది, కొలత చెబుతుంది, పాట మాత్రం చెప్పదు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. రెండు ప్రాణులు ఒకే జాతివా, వేర్వేరు జాతులవా అని తేల్చడం ఎలా? పాఠ్యపుస్తకాలు చెప్పే జవాబు అందరికీ తెలిసినదే. జతకట్టి, సంతానం కని, ఆ సంతానం మళ్ళీ సంతానం కనగలిగితే ఒకే జాతి. మంచి జవాబే. కాని ఈ రెండు పిట్టలు ఎప్పుడూ కలుసుకోనే కలుసుకోవు! ఒకటి కనుమకు ఉత్తరాన చలికొండల మీద, ఇంకొకటి దక్షిణాన చలికొండల మీద. నడుమ ముప్పై నలభై కిలోమీటర్ల వేడినేల. ఆ పరీక్ష పెట్టడానికి అవకాశమే లేదు. అటువంటప్పుడు వేరే సాక్ష్యాలు వెదకాలి. ఒంటి రంగు ఒక సాక్షి. రక్తం రెండవ సాక్షి. పాట మూడవది.

2005లో పమేలా రస్ముసెన్, జాన్ ఆండర్టన్ దక్షిణాసియా పక్షుల మీద ప్రచురించిన గ్రంథంలో వీటిని మళ్ళీ రెండు జాతులుగా విడదీశారు. మొదటి సాక్షి వాంగ్మూలం అలా ముగిసింది.

రెండవ సాక్షిని పిలిచినది వి. వి. రాబిన్ అనే పరిశోధకుడు. (ఇంగ్లీషులో రాబిన్ అంటే ఒక పిట్ట పేరే. ఈ షోలా పిట్టలకు కూడా ఇంగ్లీషులో నీలి రాబిన్ అనే పేరు ఉన్నది!) ఆయన, ఆయన సహచరులు తెల్లవారకముందే షోలాలలో కంటికి కనబడనంత సన్నని వలలు కట్టి, చిక్కిన పిట్టలను జాగ్రత్తగా విడిపించి, రెక్క, కాలు, ముక్కు కొలిచేవారు. ఒక్క చుక్క రక్తం తీసుకొని, కాలికి ఉంగరం తొడిగి, పట్టిన చోటే వదిలిపెట్టేవారు. జెర్డన్ కాలంలో పిట్టను పరిశీలించాలంటే తుపాకీతో కొట్టవలసి వచ్చేది. ఈ ఒక్క మార్పు చాలు, శాస్త్రం ఎంత దూరం వచ్చిందో చెప్పడానికి.

రక్తంలోని డి.ఎన్.ఎ. అనే పదార్థం తల్లిదండ్రుల నుండి పిల్లలకు అందుతుంది. అందేటప్పుడు అప్పుడప్పుడు అందులో చిన్న మార్పులు జరుగుతాయి. రెండు గుంపులు విడిపోయి ఎంత కాలమైతే, వాటి నడుమ అటువంటి తేడాలు అన్ని పోగవుతాయి. ఒకే పుస్తకాన్ని ఇద్దరు లేఖకులు వేర్వేరు ఊళ్ళలో తరతరాలుగా నకలు తీస్తూ పోతే, ఒక్కొక్కరి ప్రతిలో వేరు వేరు తప్పులు పేరుకొంటాయి. తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితులు ఆ తప్పులను బట్టే ఏ ప్రతి దేని నుండి పుట్టిందో చెబుతారు. డి.ఎన్.ఎ. పరిశీలకులు చేసే పని కూడా ఇటువంటిదే.

2010లో వెలువడిన ఫలితం ఇది: పాలక్కాడు కనుమకు అటూ ఇటూ ఉన్న పిట్టల నడుమ తేడా చాలా లోతైనది. నిన్న మొన్నటిది కాదు, లక్షలాది సంవత్సరాలనాటిది. దక్షిణాన, తెన్‌కాశి దగ్గరి సెంగోట్టై కనుమ వద్ద కూడా విభజన ఉన్నట్లు తేలింది. సెంగోట్టై కనుమ వెడల్పు పాలక్కాడు కనుమలో నాలుగోవంతు కూడా ఉండదు. అయినా పిట్ట దాటలేదు.

రెక్కలుండి ముప్పై కిలోమీటర్లు ఎగరలేదా అని పిల్లలకు సందేహం రావచ్చు. పెద్దలకూ వస్తుంది. బలం లేక కాదు. ఈ పిట్టకు చల్లని నీడ కావాలి, తడి ఆకుల నేల కావాలి, తలమీద పొద కావాలి. అవి లేని చోటికి వెళ్ళాలన్న కోరికే దానికి ఉండదు. చేప చెరువు గట్టు దాటనట్లే ఇదీ కొండ దిగదు. ఇటువంటి కొండకొనలకు శాస్త్రజ్ఞులు ‘ఆకాశ దీవులు’ అని చక్కని పేరు పెట్టారు. చుట్టూ నీరు ఉంటే దీవి అంటాము కదా. ఇక్కడ చుట్టూ ఉన్నది వేడిమి.

మూడవ సాక్షి పాట. ఈ పాఠంలో అన్నిటికంటె ఆసక్తికరమైన భాగం ఇదే.

పాడే పిట్టలు పాటను పుట్టుకతో తెచ్చుకోవు. పిల్ల పిట్ట తన చుట్టూ పెద్ద పిట్టలు పాడేది విని, తప్పులు పాడి, దిద్దుకొని, చివరికి నేర్చుకొంటుంది. అందువల్ల రక్తం మారినట్లే పాట కూడా తరతరాలకు కొద్దికొద్దిగా మారుతుంది. ఇది మనకు అనుభవమైన విషయమే. మదురై జిల్లాలోని తెలుగు ఇంట అవ్వ మాట్లాడే తెలుగును నెల్లూరు బడిపిల్లవాడు వింటే, వినగానే అది తెలుగని తెలుస్తుంది. తమ ఊరి తెలుగు కాదనీ తెలుస్తుంది. హోసూరు తెలుగు, బళ్ళారి తెలుగు, పర్లాకిమిడి తెలుగు, యానాం తెలుగు దేని తీరు దానిదే. అయితే ఈ పోలికను ఎంతో దూరం లాగకూడదు. మనుషులు పెళ్ళిళ్ళకు వస్తారు, జాతరలకు పోతారు, పుస్తకాలు చదువుతారు. ఎంత దూరాన ఉన్నా మాట తిరిగి మాటను కలుసుకొంటూనే ఉంటుంది. పాలక్కాడు కనుమకు అటు పాడిన పాటను ఇటు పిట్ట ఒక్కసారి కూడా వినలేదు.

పక్షి గొంతు మన గొంతువంటిది కాదు. మన స్వరపేటిక గొంతు పైభాగంలో ఉంటుంది. పక్షికి శబ్దం పుట్టే భాగం కిందుగా, ఊపిరిగొట్టం రెండు పాయలుగా చీలే చోట ఉంటుంది. ఆ రెండు పాయలను పిట్ట వేరువేరుగా ఆడించగలదు. ఒకే గాయకుడు రెండు వేణువులు ఒకేసారి ఊదినట్లన్నమాట. పరిశోధకులు పాటను మైకుతో పట్టి, యంత్రం సహాయంతో కాగితం మీదికి గీతల బొమ్మగా తెస్తారు. ఏ స్వరం ఎంత ఎత్తున ఉన్నది, ఎంత సేపు ఉన్నది, ఏ స్వరం తరువాత ఏది వచ్చింది అన్నీ ఆ బొమ్మలో కొలవవచ్చు.

చేతనా పురుషోత్తం, రాబిన్ 2016లో ప్రకటించిన పరిశోధన కోసం ఈ షోలా పిట్టల ఆరు గుంపులలో 38 పిట్టల నుండి 835 పాటలను ఈ విధంగా కొలిచారు. ఆ ఆరు గుంపులలో కొన్ని పురాతనమైన లోయల వల్ల విడిపోయినవి. మరికొన్ని మనుషులు అడవి నరకడం వల్ల ఇటీవల విడిపోయినవి. పాటల తీరును బట్టి మూడు ప్రధానమైన వర్గాలు తేలాయి. రికార్డు చేసిన పాటను వినిపించినప్పుడు పిట్టలు ఎలా స్పందించాయో కూడా చూశారు. ఇంకొక సంగతి కూడా బయటపడింది. రెండు పాయల గొంతును వాడే నేర్పు ఉన్నదే, అందులో తేడాలు పాత లోయల దగ్గరే కాదు, కొత్తగా నరికిన అడవుల దగ్గర కూడా కనిపించాయి.

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. లోయ చేసిన పనికి లక్షల సంవత్సరాలు పట్టింది. అటువంటి పనే గొడ్డలి కొద్ది కాలంలో మొదలుపెట్టింది. రెండు షోలాల నడుమ అడవి పోయి తేయాకు తోటో, ఊరో వస్తే, ఈ పిట్టకు అదీ ఒక కనుమే.

2017లో రాబిన్, సుశ్మా రెడ్డి, ఉమా రామకృష్ణన్ మొదలైనవారు కలిసి మరొక అడుగు వేశారు. ఈ పిట్టలు ఇంతవరకు చేర్చిన ఏ ప్రజాతికీ చెందవని, అసలు చుట్టరికం నీలి ఈగపిట్టలతో అని చూపి, వీటికోసం కొత్త ప్రజాతిని ఏర్పరచారు. దాని పేరులో కూడా షోలా ఉన్నది: షోలికోలా. అంటే షోలాలో నివసించేది. సెంగోట్టై కనుమకు దక్షిణాన, అగస్త్యమలై కొండలలో ఉన్న గుంపును మూడవ జాతిగా వేరు చేసి, ఆ కొండల పాత పేరు మీద అశాంబు షోలా పిట్ట అన్నారు. ఆ కొండలలోనే ఉండే నవ్వుల పిట్టలకు కూడా అదే వ్యాసంలో కొత్త ప్రజాతి ఏర్పడింది. నీలగిరి నవ్వుల పిట్ట ఒకటి, పళని నవ్వుల పిట్ట మరొకటి. వాటిని విడదీసిందీ పాలక్కాడు కనుమే. పళని నవ్వుల పిట్ట శాస్త్రనామంలో ఫెయిర్‌బాంక్ పేరు, వయనాడు వైపు నవ్వుల పిట్ట పేరులో జెర్డన్ పేరు నిలిచి ఉన్నాయి. రాబిన్ ఆ తరువాత తిరుపతిలోని భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలో ఆచార్యులుగా ఉంటూ ఈ పిట్టల పాటల అధ్యయనాన్ని కొనసాగించారు. జెర్డన్ నెల్లూరుకు, ఆ తిరుపతికి దూరం నూటయాభై కిలోమీటర్లు కూడా లేదు. నూట డెబ్బై ఏళ్ళకు పైగా మాత్రం పట్టింది.

ఒకటి కాదు రెండు, రెండు కాదు మూడు అని లెక్క పెంచితే ఎవరికి లాభం అని అడగవచ్చు. ఒకే జాతి అని రాసి ఉన్న రోజులను తలచుకోండి. నీలగిరులలో షోలాలన్నీ నశించి, ఆ పిట్ట చివరిది కూడా చచ్చిపోయిందనుకొందాము. అప్పటి పుస్తకం ఏమని చెప్పేది? ‘ఈ జాతి దక్షిణాన ఇంకా ఉన్నది’ అని చెప్పేది. ఎర్ర పక్కల పిట్ట, దాని పాట, లక్షల ఏళ్ళ దాని ఒంటరి ప్రయాణం, అన్నీ పోయినా లెక్కలో ఒక్క అంకె కూడా తగ్గేది కాదు. వేరు జాతి అని గుర్తించాక అలా దాటవేయడం కుదరదు. దాని అడవి ఎంత, మిగిలిన పిట్టలు ఎన్ని అని విడిగా చూడవలసిందే. అలా చూసినప్పుడు ఒక్కొక్క జాతికి మిగిలిన చోటు ఎంత చిన్నదో తెలిసివచ్చింది.

ఈ కొండలు పూర్వపు కొండలు కావు. పందొమ్మిదవ శతాబ్దం నుండి తేయాకు, నీలగిరి చెట్టు, తోళ్ళు ఊనడానికి పనికివచ్చే వాటిల్ చెట్టు గడ్డి మైదానాలను ఆక్రమించుకొంటూ వచ్చాయి. (మనం నీలగిరి చెట్టు అని పిలిచే యూకలిప్టస్ నీలగిరులది కాదు, ఆస్ట్రేలియాది.) పళని కొండలలో నాలుగు దశాబ్దాల కాలంలో గడ్డి మైదానాలలో మూడింట రెండు వంతులు తోటలకూ వ్యవసాయానికీ పోయాయని ఉపగ్రహ చిత్రాలను పరిశీలించినవారు 2018లో ప్రకటించారు. షోలా పిట్ట గడ్డిలో ఉండదు, నిజమే. కాని గడ్డి పీల్చి నిలిపిన నీరే వాగై షోలా అడుగున పారుతుంది. ఒకటి చెడితే రెండవది ఎంతకాలం బాగుంటుంది?

అలాగని పరాయి చెట్లన్నిటినీ ఒక్క రోజున కొట్టివేస్తే సరి అనుకోవడానికీ వీలులేదు. పళని కొండలలో పాత వాటిల్ తోటల నీడన కొన్ని చోట్ల షోలా మొక్కలు వాటంతట అవే మొలిచి ఎదుగుతున్నాయి. ఎండ, మంచు తగలని ఆ నీడ వాటికి కలిసివచ్చింది. అటువంటి చోట వాటిల్ కొడితే కింది మొక్కా పోతుంది. గడ్డి నేల మీదికి కొత్తగా పాకుతున్న చోట మాత్రం మొలకగా ఉన్నప్పుడే పీకివేయాలి. ఏ చోట ఏది చేయాలో చెట్టు చెట్టునూ చూసి నిర్ణయించవలసి ఉన్నది. ఆ పని ఆ కొండల మీద ఇంకా సాగుతున్నది.

అభ్యాసం

1. పాలక్కాడు కనుమ మనుషులకు ‘తెరిచిన తలుపు’, షోలా పిట్టకు ‘సముద్రం’ ఎలా అయింది?

2. నీలగిరి షోలా పిట్టను, తెల్లపొట్ట షోలా పిట్టను ఏ గుర్తులను బట్టి వేరుచేస్తారు? రెండింటిలో సమానంగా ఉన్న గుర్తులు ఏవి?

3. ‘ఎండిన చర్మం రంగు చెబుతుంది, కొలత చెబుతుంది, పాట మాత్రం చెప్పదు.’ ఈ వాక్యం ఏ సందర్భంలోనిది? వివరించండి.

4. జతకట్టడాన్ని బట్టి జాతిని నిర్ణయించే పద్ధతి ఈ పిట్టల విషయంలో ఎందుకు పనికిరాలేదు?

5. తాళపత్ర ప్రతుల పోలికను పాఠంలో ఎందుకు చెప్పారు? మీ మాటల్లో రాయండి.

6. కింది మాటలను సొంతవాక్యాలలో ప్రయోగించండి: అలికిడి, జారుకొను, పేరుకొను, కొట్టొచ్చినట్లు, దాటవేయు.

7. మీ ఊరిలో కనిపించే అయిదు పక్షుల పేర్లు తెలుగులోను, మీ రాష్ట్ర భాషలోను రాయండి. మీ ఇంటి పెద్దలను అడిగి, వాటిలో పుస్తకాలలో లేని తెలుగు పేరు ఏదైనా ఉంటే తరగతిలో చెప్పండి.